మాలియాలో టికెట్ల కౌంటర్

శుక్రవారం మధ్యాహ్నం, కువైట్, మాలియా.
బస్సుల పొగ, ఏలక్కాయ చాయ్ వాసన.
ఓబులమ్మ అద్దంలోంచి వంగి అడుగుతుంది:
"అన్నా, మద్రాసు ఎంత దూరముంటాది?"

తెర మీదిది చదువుతాను.
మూడువేల ఏడొందల చిల్లర కిలోమీటర్లు.
గాలి వాటం కుదిరితే ఐదు గంటల లోపే.

"పోయిన వారం గూడా అంతే చెప్తివి గదా"
అంటుంది,
వారంలో కొంచెమైనా తగ్గుండాలన్నట్టు.

తిన్నగా గీత గీసి కొలుస్తారమ్మా,
ఈ రన్‌వే కొస నుంచి ఆ రన్‌వే కొసకి.
కఫీలు బీరువాలోని పాస్‌పోర్టు నుంచి
ఎయిర్‌పోర్టు గేటు దాకా ఎంతో
ఈ కంప్యూటర్‌కి తెలీదు.
అక్కడ దిగాక పుల్లంపేట బస్సు సంగతి
అసలే తెలీదు.

మాటల్లో ఇంకోటి చెప్పాను:
వచ్చేటప్పుడు గడియారం
రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకుంటాం,
పోయేటప్పుడు అవి తిరిగిచ్చేస్తాం.

వేళ్ళు మడిచి చూసుకుంది.
"అంటే, పదకొండేండ్లుగా
రెండున్నర గంటలు బాకీ ఉండానా?"

నవ్వబోయాను.

కొంగు తుడిచి ముంజేయి చాపింది.
ముల్లు ఊరి టైములోనే ఉంది.
"నేను తీసుకోలేదన్నా.
చూడు, ముట్టనే లేదు."

వెనక లైను గొణుగుతోంది.
చాయ్‌కని వంద ఫిల్సు నా బల్ల మీద పెట్టి
వద్దంటున్నా వినకుండా
బస్టాపు వైపు నడిచింది.

మామా ఇంటికి నలభై నిమిషాలు.
ఆ దూరం మాత్రం
ఎప్పుడూ అడగలేదు నన్ను.