రెండు గంటలు

పదకొండేండ్ల సంది ఈ పట్నాన్ని నిలబడే తిరిగిన.
లెక్కగడితే లక్షల కిలోమీటర్లు,
అండ్ల నా కాళ్ళు నడిచింది
ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకనే.

ఇప్పుడు పొద్దుగాల నాలుగింటికి
నల్లా బుసకొట్టకముందే లేసి
కొడుకు పాత టీషర్టు తొడుక్కొని
బూట్ల తాళ్ళకు రెండు ముళ్ళేసి
నెక్లెస్ రోడ్డు మీద ఉరుకుతున్న, నలభై నాలుగేండ్లదాన్ని.
మొదటి దినం సంజీవయ్య పార్కు గేటు రాకముందే
గుండె నోట్లెకొచ్చింది.
రోడ్డూడ్చే పోచవ్వ చీపురు ఆపి
"ఎవలన్న ఎంబడి పడ్డరా బిడ్డా?" అంది.
ఏం చెప్పాలె. అవునన్న.

ఎంబడి పడ్డది జహంగీర్ దవడ.
తొమ్మిదేండ్లు నా బండి నడిపిన మనిషి.
అద్దంల నన్ను చూసి నవ్వేటప్పుడు
చెంపల గుట్కా ఉబ్బు కనబడేది.
థూ, ఉమ్మెయ్ అంటే
"నన్ను నిద్రపోనియ్యంది ఇదే అక్కా" అనేటోడు.
ఉమ్మినా పోని ఉబ్బు ఒకటొచ్చింది.

రెడ్‌హిల్స్ దవాఖానల సగం దవడ తీసేసిర్రు.
మాట పోయింది. కండ్లతోటి తిట్టుడు పోలే.
ఆపరేషన్ ఆరోగ్యశ్రీల అయింది,
మందులకు పైసలు నేను ఉరికి తెస్త అంటే
పలక మీద రాసి చూపిండు:
"నాకొద్దు. గేటు బయట పండుకునేటోళ్ళకు."
కిందికి దిగి చూసిన.
అట్టముక్కలు పరుసుకొని ఆదిలాబాద్,
స్కానింగ్ కవరు తలకింద పెట్టుకొని నారాయణపేట,
దోమలకు కొంగు కప్పుకొని కాటారం,
ఊర్లకూర్లు ఫుట్‌పాత్ మీద పండుకున్నయి,
నా బస్సు బోర్డు మీద ఎన్నడూ రాయని ఊర్లు.

కిలోమీటరుకు ఇంత అని చందా.
బిస్కెట్ డబ్బ మూతకు చీలిక కోసి
నా సీటు పక్కన కట్టిన.
జీరో టికెట్ ఆడోళ్ళు మస్తు ఏసిర్రు,
పూలమ్మే ఆమె ఏసిన రూపాయలు తడిగ ఉండేవి.
టై కట్టుకున్నాయన "రసీదిస్తవా?" అన్నడు.
నా మిషిన్ల ఆ స్టేజి లేదు సారూ అన్న.
నాలుగో దినం డిపో మేనేజర్ మెమో ఇచ్చిండు.
రూల్ రూలే, ఆయన తప్పు లేదు.
డబ్బ ఇప్పుడు డిపో ఎదురు టిఫిన్ బండి మీద
పల్లి చట్నీ గిన్నె పక్కన ఉంది.
గిన్నె ఖాళీ అయినంత జల్ది అది నిండుతలేదు.

నలభై రెండు కిలోమీటర్లంటే ఎంతని మా ఆడబిడ్డ అడిగింది.
ఉప్పల్ల ఎక్కి పటాన్‌చెరుల దిగుడు, జర అటు ఇటు.
"బస్సుంది గదనే" అంది.
నిజమే.

మోకాలికి కొబ్బరినూనెల కర్పూరం.
బొటనేలు గోరు నల్లగయి ఊడింది.
ఈ పట్నంల ఫ్లైఓవర్లన్నీ గుట్టలని
బస్సుల ఉన్నన్ని దినాలు ఎరుకలేదు,
అప్పుడది గేరు మార్చిన చప్పుడే.

మొన్న ఆదివారం పోతే ముక్కుల గొట్టంతోటి ఉన్నడు.
ఎంత ఉరికినవని చేతితోటి అడిగిండు.
"రెండు గంటలు" అన్న.
ఆయనకు ఏమినబడ్డదో
చెంచా తీసి మంచం ఇనుప కమ్మి మీద
టింగ్, టింగ్.
ఒక్క గంట అంటే ఆపు. రెండంటే పో.
తొమ్మిదేండ్లు నేను కొట్టిన, ఆయన కదిలిండు.
నర్సొచ్చి చప్పుడేందని ఇద్దర్నీ తిట్టింది.

ఇయ్యాల ముప్పై ఉరకాలె.
ఖైరతాబాద్ దాటంగనే వాన.
పదిహేడో కిలోమీటరుకు
బస్టాపు కమ్మి పట్టుకొని వంగి
ఊపిరి ఏరుకుంటున్న.
మొదటి ట్రిప్పు బండొచ్చి నా ముందట ఆగింది.
తలుపు తెరుసుకుంది,
లోపట పసుపు లైటు, పొడిగ ఉన్న సీట్లు.
కొత్త డ్రైవర్ పిల్లగాడు
"ఎక్కు అక్కా, తడుస్తున్నవ్" అన్నడు.
ఒక కాలు ఎక్కుతనన్నది. అబద్ధమెందుకు, రెండూ అన్నయి.

అరచెయ్యితోటి బస్సు రేకు మీద
రెండు దెబ్బలు కొట్టిన.
బండి పోయింది.

ఇంక పదమూడు స్టేజీలు.