ఊట

మా వీధి వెడల్పెంతో నాకు తెలీదు.
ఎదుటి బాల్కనీ ఇంట్లో మిరపకాయలు తాలింపేస్తే
ఇక్కడ నా బిడ్డ తుమ్ముతుంది.
అంత.

బెంగళూరు, హొరమావు, నాలుగో అంతస్తు.
పురిటి మైల పదకొండు రోజులని పెద్దవాళ్ళు లెక్క కట్టారు,
తలంటుకుని మళ్ళీ మనుషుల్లో కలవొచ్చని.
తలంటుకున్నాను. మనుషులేరీ?
ఊరు ఊరంతా పురిట్లో పడుకుంది.
ఆసుపత్రి కాగితంలో నా కూతురింకా
'బేబీ ఆఫ్ హిమజ'.
పుట్టాక అది చూసిన మొహాలు రెండు,
మిగతావన్నీ కళ్ళే.

మదనపల్లె ఇక్కడికి మూడు గంటలు.
కారప్పొడీ నెయ్యీ పాతచీరల గుడ్డలూ మూటగట్టుకుని
అమ్మ చెక్‌పోస్టు దాకా వచ్చింది.
పాసు లేదన్నారు.
మూట పోలీసాయన చేతిలో పెట్టబోయి, ఏమనుకుందో,
మళ్ళీ చంకన పెట్టుకుని వెనక్కి పోయింది.
రోజూ ఫోన్లో ఒకటే మాట:
"పాలు పడినాయామ్మా?"
పడ్డాయనే చెప్తాను.
పక్కగదిలో ఆయన మీటింగులో ఉంటాడు,
మ్యూట్ తీసి నవ్వుతాడు, మ్యూట్ పెట్టి నిట్టూరుస్తాడు.
తప్పు ఆయనదీ కాదు.

ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు.
రాత్రి మూడింటికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే
బాల్కనీ తలుపు గడియ వైపు నా కళ్ళు పోతాయి.
ఎందుకు పోతాయో తలుచుకోడానికి భయమేసి
పడుకునే ముందు గడియకి చున్నీ చుట్టి ఏడు ముళ్ళేస్తాను.
మూడు ముళ్ళతో జీవితమంతా నిలుస్తుందంటారు గదా,
ఏడేస్తే తెల్లారేదాకా ఆగవా అని.

ఎదుటావిడ పేరు కెంపమ్మ.
పొద్దున్నే బట్టలారేస్తూ, మాస్కు గడ్డం కిందికి లాగి కేకేస్తుంది:
"ఊట ఆయ్తా?"
తిన్నావా అని. ఆవిడ భాషలో ఊటంటే భోజనం.
నా భాషలో ఊటంటే
ఏటి ఇసుకలో చెలమ తీస్తే
అడుగున చప్పుడు లేకుండా చేరే నీరు.
ఆ ప్రశ్న నాకు నా భాషలోనే వినపడేది.
ఊరిందా? ఊరిందా?
పొడిగా ఉన్న రవికె మీద పమిట సర్దుకుని
"ఆయ్తు, ఆయ్తు" అనేదాన్ని.

ముప్ఫయ్యో రోజో, ముప్ఫై ఒకటో.
అడిగింది.
నా నోట "ఇల్ల" అని వచ్చింది.
ఒకసారి వచ్చాక ఆగలేదు.
నిద్దె ఇల్ల, హాలు ఇల్ల, అమ్మ ఇల్ల,
వచ్చిన నాలుగు కన్నడ ముక్కలూ అయిపోయాక
గడియ సంగతీ చున్నీ సంగతీ
తెలుగులోనే వీధి మీదుగా అరిచి చెప్పాను.
కింద కూరగాయల బండతను తలెత్తాడు, దించుకున్నాడు.

కెంపమ్మ ఏమీ అనలేదు.
సగం పిండిన దుప్పటి అలాగే తీగ మీద పడేసి లోపలికి పోయింది.
అయిపోయింది, పిచ్చిదనుకుంది, అనుకున్నాను.

పావుగంటకి బెల్లు.
గుమ్మంలో స్టీలు డబ్బా, రాగిముద్దా, సబ్బసిగె ఆకు పులుసూ.
మూడు మెట్లు కింద, మాస్కు మీద కొంగు అడ్డం పెట్టుకుని ఆవిడ.
"ననగూ ఆయ్తు" అంది.
ఆ తర్వాత గౌరిబిదనూరు తెలుగులో
(ఇన్నాళ్ళూ తెలుగు వచ్చని చెప్పనేలేదు)
"నా పెద్దోడప్పుడు. నీకు తలుపు, నాకు బావి.
అప్పుడు చెప్పేదానికి ఎవురూ లేరు.
ఇప్పుడు డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే. నేనిక్కడే కూర్చోనుంటా."

ఆయన హెడ్‌సెట్ తీశాడు.

పాలా? కొద్దికొద్దిగా. డబ్బాపాలూ కలుపుతున్నాం.
పొద్దున ఒక మాత్ర వేసుకుంటున్నాను.
అమ్మ అడిగితే లేదనే చెప్పాను, అవతల చాలాసేపు మాట లేదు,
తర్వాత "పోనీలే తల్లీ" అంది.

నిన్న రాత్రి
గడియకి నాలుగు ముళ్ళే వేశాను.