చీలమండల దాకా

పద్దెనిమిదేళ్ళుగా నేను దీవులు అమ్ముతున్నాను
ఎగ్మోరులో, రెండో అంతస్తులో,
ఏసీ నీళ్ళు కారే బకెట్టు పక్క కుర్చీలో.
నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు,
నీటి మీద గుడిసె, పొద్దుటి ఫలహారంతో కలిపి.
స్నార్కెలింగు ఉచితం, జెట్ స్కీకి వేరే.
"నీళ్ళు ఎంత లోతండీ?" అంటారు కొత్త పెళ్ళికూతుళ్ళు.
"మీ పాదాల గోరింటాకు కనపడుతుందమ్మా" అంటాను,
చూసొచ్చినట్టే.

నాకు తెలిసిన సముద్రం చీలమండల దాకా.
మెరీనాలో కుచ్చెళ్ళు ఒక పిడికిట, చెప్పులు ఇంకో చేత,
ఒక అల, రెండో అల,
చాలు పద, బస్సు పోతుంది.
అది అమ్మ లెక్క.
నలభై ఆరేళ్ళొచ్చినా దాటలేదు.

మొన్న ఒకాయన మాల్దీవులు రద్దు చేసుకున్నాడు.
డబ్బు తిరిగి రాదని చెప్పడానికి గంట పట్టింది.
ఫోను పెట్టేశాక, ఎందుకో,
ఈసీఆర్ మీద కోవళం ఎంత దూరమో చూశాను.
నలభై కిలోమీటర్లు.
వీసా అక్కర్లేదు.

ఆదివారం తెల్లారకుండానే ఇరుదయరాజ్
నన్ను ఇసుకలో బోర్లా పడుకోబెట్టాడు.
ఇరవై రెండేళ్ళుంటాయేమో, కొబ్బరి పీచు రంగు జుట్టు.
లే అన్నప్పుడల్లా లేచాను, పదకొండుసార్లు.
ఇసుక కదలదు కదా.
వల బాగుచేసుకుంటున్న ముసలాయన నన్ను చూసి
బీడీ ఆర్పేశాడు,
నవ్వడానికి నోరంతా కావాలి మరి.

తర్వాత నీళ్ళు. నడుము. గడ్డం.
మొదటి అల ముక్కులో దూరి చెవిలోంచి వెళ్ళింది.
రెండోది దాయాదిలా
బోర్డుని ఒక వైపుకీ నన్నొక వైపుకీ పంచింది.
మూడోదానికి, నోటినిండా ఇసుకతో,
'అన్ని వయసులవారికీ అనువైనది' అని
నేనే రాసిన వాక్యం గుర్తొచ్చింది.

అలకీ అలకీ మధ్య బోర్డుకి వేలాడుతూ అడిగాను:
"మాల్దీవులు వెళ్ళావా ఎప్పుడైనా?"
"ఒక్కసారక్కా. పోటీకి."
"ఎలా ఉంది?"
వచ్చే అలల వంకే చూస్తూ చాలాసేపు ఆలోచించాడు.
"నీళ్ళు మరీ తేటక్కా. కింద రాళ్ళు కనపడతాయి.
భయమేస్తుంది.
ఇక్కడైతే ఏమీ కనపడదు, నిశ్చింత."

అని, చెప్పాపెట్టకుండా వెనకనుంచి తోశాడు.
ఎందిరిక్కా!
ముందు మోకాళ్ళు లేచాయి, ఆ తర్వాత నేను.
మూడు సెకన్లన్నాడు ఇరుదయరాజ్.
ముసలాయన రెండు వేళ్ళు చూపించాడు.
చర్చి శిలువ, వరస పడవలు, ఒక కుక్క,
నా చెప్పులు,
అన్నీ నావైపు వస్తున్నాయి.
ఒడ్డు నా దగ్గరికి రావడం అదే మొదలు.

సోమవారం. కుడి చెవిలో ఇంకా సముద్రం.
ఎదుటి కుర్చీలో అమ్మాయి అడగనే అడిగింది,
నీళ్ళు ఎంత లోతని.
"తెలీదమ్మా" అన్నాను.
మేనేజరు తల తిప్పి చూశాడు.
వెచ్చగా ఒక చుక్క చెవిలోంచి జారి
రసీదు మీద, ఆమె కొత్త ఇంటిపేరు దగ్గర పడింది.