గుర్రు

రాత్రి కేబుల్ తగిలించి పడుకున్నాను.
తెల్లారేసరికి స్కూటర్ కొత్త వెర్షన్‌లో ఉంది.
మోటారు వణుకు సరిచేశారట.

రుషికొండ దాటి నీళ్లలోకి దిగితే
నిజమే, చప్పుడు లేదు.
మునిగిన ఓడ పక్కన పది నిమిషాలు తిరిగాను.
రోజూ ఆ గుర్రుకి
తుప్పు కన్నంలోంచి తల పెట్టే బొంత చేప
రాలేదు.
నేనొచ్చినట్టు దానికి తెలీలేదు.

పాత వెర్షన్‌కి తిరిగెళ్లే దారి కంపెనీ మూసేసింది.

ఫిషింగ్ హార్బర్‌లో బోటింజన్లు విప్పే గరికిన ఎల్లాజీ
ప్రొపెల్లర్ని వేలితో తిప్పి చూశాడు.
"బాగైనదాన్ని పాడుసెయ్యమంటావేటమ్మా?"
అన్నాడు గానీ
ఆకురాయి అప్పటికే చేతిలో ఉంది.
ఒక రెక్క అంచున
గోటి మందం, అంతే.
ముక్కు కిందికి వాలకుండా వలబెండు ముక్కొకటి కట్టి,
ఓ-రింగుకి గ్రీజు రాసి,
డబ్బుల మాటకి మాత్రం
"సేప వొస్తే సూద్దారి" అన్నాడు.

పద్దెనిమిది మీటర్ల దగ్గర
మోచేతులదాకా పాకింది పాత మోత.
తెర ఎర్రబడింది:
వణుకు ఎక్కువగా ఉంది, సర్వీసుకు పంపండి.

బొటనవేలు దానిమీద ఆన్చి
కన్నం వైపే చూస్తున్నాను.