పద్దెనిమిదితో గుణిస్తే

సాయంత్రం ఆరున్నర. కేజీహెచ్ డౌన్‌లో
మా లేబ్ షట్టరు సగం దించాను.
ఆ సగం కిందనుంచే వంగి లోపలికొచ్చింది కాసులమ్మ.
తలమీద తట్ట లేదు, చుట్టకుదురు మాత్రం అలాగే ఉంది.
వెనకాల పరదేశి. పేరే అది.
తొమ్మిది నెలలు ఓడలో ఉండి నిన్ననే దిగాడు.
నేల ఇంకా ఊగుతున్నట్టు
కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

బల్లమీద రెండు కాగితాలు.
ఒకటి మాదే, పొద్దున్న పరగడుపున నేనే తీసిన రక్తం:
రెండువందల ఒకటి.
ఇంకోటి ఏదో రేవులో ఓడ డాక్టరు ఇచ్చింది:
పదకొండు పాయింటు రెండు.

"సూడు బాబూ, నాది రొండొందలు. ఈడిది పదకొండే.
ఓడలో కూకుని తిన్నోడికి లేని సుగరు
ఎండలో తిరిగి సేపలమ్మినదానికొచ్చినాదేటి?"
పరదేశి మీసం కింద చిన్న నవ్వు,
పందెం కాయకుండానే గెలిచినవాడిది.

నాకు ఇంటర్లో కెమిస్ట్రీ చెప్పిన సుభద్ర మేడం గుర్తొచ్చారు.
"యూనిట్టు రాయని అంకె ఊరు రాయని కవరు.
పోస్ట్‌మాన్ ఏ గుమ్మంలో వేస్తాడురా?"
అంటూ సరైన జవాబుకి కూడా సగం మార్కులు కోసేవారు.
ఆ కోపం నాకింకా పోలేదు.

అంకెల పక్కన చీమలంత అక్షరాలు.
ఇక్కడ డెసిలీటరుకి మిల్లీగ్రాములు,
అక్కడ లీటరుకి మిల్లీమోల్స్.
ఎలా చెప్పను?

"హార్బరులో నెత్తళ్ళెలా అమ్ముతావమ్మా?"
"తూసి."
"కానగంతలో?"
"లెక్కెట్టి. ఇరవైకింత."

"మా కాగితం పంచదారని తూచింది.
ఓడ కాగితం లెక్కపెట్టింది.
ఒక్కొక్క రేణువూ కాదు, అంత ఓపిక ఎవరికుంది,
మోల్ అని ఒక పెద్ద గంప ఉంది.
అందులో ఏ సరుకు పోసినా లెక్క అంతే,
బరువే మారుతుంది.
గ్లూకోజు పోస్తే నూట ఎనభై గ్రాములు.
లీటరులో పది డెసిలీటర్లు కనక
అందులో పదోవంతు..."

"ఒకటికి పద్దెనిమిది," అన్నాడు పరదేశి.
డాలర్ని నిద్రలో కూడా రూపాయిలు చేసే మనిషి.
"ఈ రేటు రేపు మారిపోద్దా?"

మారదన్నాను. ఏ రేవులో దిగినా అంతే.
కాకపోతే పంచదారకే ఇది,
కొలెస్ట్రాలుకి వేరే రేటు, యూరియాకి వేరే...
"తెలుసులే," అంది కాసులమ్మ.
"వంజరం ఒకటీ, కానగంత ఒకటీ
ఒకే తూకం తూగుతాయేటి?"

నాకు ఈ ముక్క ఎక్కడానికి
రెండు నెలలు పట్టింది, ఒక సప్లిమెంటరీ కూడా.

పరదేశి పెదాలు కదులుతున్నాయి.
పదకొండు పద్దెనిమిదులు నూట తొంభై ఎనిమిది.
ఆ పాయింటు రెండుకి మూడూ పాయింటు ఆరు.
మీసం కింద నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

రెండువందల ఒకటీ పాయింటు ఆరు.

కాసేపు ఫేను చప్పుడే.
డాల్ఫిన్ నోస్ వైపు ఏదో ఓడ కూత వేసింది.
ఆమె అతని కాగితం తీసుకుని
తన కాగితం పక్కన అంచులు కలిపి పెట్టింది.
ఆమెకి చదవడం రాదు, అయినా చాలాసేపు చూసింది.
తర్వాత మోచేత్తో పొడిచింది:
"ఆ పాయింటు ఆరు నీదే మావా.
నాకంటే నీదే ఎక్కువ."

ఓడలోది పరగడుపుదో, తిన్నాకదో తెలీదని,
రేపు మళ్ళీ రమ్మని, డాక్టరుకి రెండూ చూపించమని
నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను.
ఆ విదేశీ కాగితం వెనక
పెన్నుతో కొత్త అంకె రాశాను. యూనిట్టుతో సహా.

షట్టరు పూర్తిగా ఎత్తాను,
వాళ్ళు వంగకుండా వెళ్ళడానికి.

డౌన్ చివర చెరుకురసం బండి దగ్గర
అలవాటుగా ఆగారు ఇద్దరూ.
మొహాలు చూసుకున్నారు.
బండివాడు అప్పటికే గ్లాసులు కడుగుతున్నాడు.