కోట్ల గది

బుడాపెస్టులో ఓ పాత నాటకశాల, మెట్ల కింద గది.
ముప్పై ఒక్క చలికాలాలుగా ఎతెల్క
జనం కోట్లు పుచ్చుకుని ఇత్తడి బిళ్లలిస్తోంది.
కొక్కేలకి తగిలించేది నేను.

ఒక్క నాటకమూ పూర్తిగా చూడలేదట.
"ఎందుకూ?" అంటుంది,
"వేషాలు విప్పేది ఇక్కడేగా."

పైన పటారం సంగతి ఊరంతా చూస్తుంది.
లోన లొటారానికి మాత్రం ఈమే కరణం.
నక్కతోలు కాలరు కింద అతుకు మీద అతుకు.
మంత్రిగారి జేబుకో చిల్లు.
అందులోంచి జారేది చిల్లరే,
నోట్లకి దారి బాగా తెలుసు.

ఒంటరిగా వచ్చినవాడు "చిల్లర లేదమ్మా" అంటాడు.
పక్కన కొత్త స్నేహితురాలుంటే
నోటిచ్చి, మిగతాది ఉంచుకోమంటాడు.
పెళ్లాముంటే పెళ్లాం వైపు చూస్తాడు.
దానగుణం గుండెలో ఉంటుందని ఎవరన్నారో గాని
అది పక్క సీట్లో ఉంటుంది.

సిలార్డ్ గారిది అదే గోధుమరంగు ఓవర్‌కోటు.
ఎనభై ఎనిమిదిలో దానికి ఎర్ర నక్షత్రం.
రెండేళ్లకి మూడు రంగుల జెండా.
తర్వాత నీలం మీద పసుపు చుక్కలు.
ఇప్పుడు చిన్న వెండి శిలువ.
కండువాలు మార్చేవాళ్లు ఖర్చు మనుషులు,
ఈయన పిన్నీసుతో సరిపెట్టాడు.
బట్టకి నాలుగు బెజ్జాలుండాలి కదా, ఒక్కటే ఉంది.
అంత గురి.

విమర్శకుడు విశ్రాంతి గంటకే కోటందుకుంటాడు.
మర్నాడు పత్రికలో
"చివరి అంకం నా గుండెని పిండేసింది."
ఆ పిండిన గుండె ఎనిమిదిన్నర ట్రాములో వెళ్లడం
నేను కళ్లారా చూశాను.

పేదల మీద నాటకమైతే మరీ తోపులాట.
కళ్లు ఇంకా తడిగానే ఉంటాయి,
మోచేతులు అప్పుడే పనిలో దిగుతాయి.

మొన్న జనవరిలో ఒక రాత్రి
కొక్కేల వరసంతా ఊడి పడింది.
రెండు వందల కోట్లు ఒకటే కుప్ప,
అంకెలన్నీ గల్లంతు.
"ఎవరిది వాళ్లు గుర్తుపట్టి తీసుకోండి," అన్నాడు మేనేజరు.

అంతే. అందరి కోట్లూ ఆ పూటే కొత్తవైపోయాయి.
ఒక్క మింక్ కోటుకి ముగ్గురు యజమానురాళ్లు తేలారు,
ముగ్గురికీ దాని మీద అమ్మమ్మ జ్ఞాపకాలున్నాయి.

అర్ధరాత్రికి నేల మీద ఒకటే మిగిలింది.
బూడిదరంగుది, మోచేతుల దగ్గర వెలిసిపోయింది,
గుండీల్లో రెండు వేరే జాతివి.

"ఎవరిదమ్మా ఈ గోనె?" అని మేనేజరు నవ్వాడు.
"నాకేం తెలుసు," అంది ఎతెల్క.
శాలువా గట్టిగా చుట్టుకుని
మంచులోకి నడిచి వెళ్లిపోయింది.

నేను ఆ కోటు ఎత్తి దులిపాను.
అలవాటు కొద్దీ లోపలి గుడ్డ తిప్పాను.
మెడ దగ్గర ఎర్రదారంతో కుట్టిన ఆరు అక్షరాలు,
అన్నీ ఆమె పేరులోవే.

"ఎవరిదిరా?" అన్నాడు మేనేజరు మళ్లీ.
పేరు లేదండీ, అన్నాను.