తరుగు

ముప్పై ఒక్క ఏళ్లు పోర్టు వేబ్రిడ్జి దగ్గర
తరుగు రాసిన చెయ్యి ఇది.
కిరండూల్లో ఎక్కిన ఇనుప ఖనిజం
విశాఖలో దిగేసరికి ఎంత తగ్గిందో రాసి,
పక్కనే ఇంకో గడి నింపాలి: కారణం.
గాలి అని రాసేవాణ్ణి. తేమ అని రాసేవాణ్ణి.
బొర్రా సొరంగాల దగ్గర బండి నెమ్మదించినప్పుడు
ఎవరో నాలుగు తట్టలు తోడుకున్నారని
తెలిసినా రాసేవాణ్ణి కాదు.

ఇప్పుడు కోటవీధి మేడ మీద
నా చేత్తో అరగదీసుకున్న ఎనిమిదంగుళాల అద్దంలో
హంస రెక్క పక్కన ఒక చుక్క
తూకం తప్పుతోంది.

మార్చిలో, తెల్లవారుజామున,
నూటికి పదిహేను పాళ్లు వెలుతురు లేదు.
వారంలో తిరిగొచ్చింది, ఏమీ ఎరగనట్టు.
మేలో ఒక్క పాలు.
అక్టోబరులో, తుఫాను వెలిసిన మర్నాడు,
ఇరవై రెండు.

గ్రహం అడ్డొస్తే ఇలా ఉండదు.
గ్రహం షిప్‌యార్డు సైరన్ లాంటిది,
చెప్పిన వేళకి వస్తుంది, చెప్పినంతే తీసుకుని పోతుంది.
ఇది మా బావమరిదిలా వస్తోంది.
ఎప్పుడొస్తాడో, ఎంత పట్టుకుపోతాడో
వాడికే తెలీదు.

తూకం తేడా వస్తే మొదట కాటాని అనుమానించాలి.
కంటి ఆస్పత్రికెళ్లాను.
కుడి కంట్లో శుక్లం, నిజమే. తీయించాను.
నీలం తిరిగొచ్చింది. సముద్రంలో,
కోర్లమ్మ చీర అంచులో, ఆ చుక్కలో కూడా.
అయినా తగ్గింది.

తోకచుక్కల మంద కావచ్చు, అంది నఫీజా.
పాలిటెక్నిక్ రెండో ఏడు. నా ఫొటోలకి గ్రాఫులు గీసిపెట్టే పిల్ల.
విరిగిపోయిన ఏ చందమామ ముక్కలో, అంది.
ఎప్పుడో ఒక గ్రహాన్ని మింగేసి
ఇంకా అరిగించుకుంటోందేమో, అంది.
చివరికి గొంతు తగ్గించి,
"చుట్టూ ఎవరైనా ఏదైనా కడుతున్నారేమో, తాతా?"

హార్బరు క్రేన్ల వైపు చూశాం ఇద్దరం కాసేపు.
అంత ఎత్తున క్రేను ఉంటే
అందులో ఒకడు కూర్చునుంటాడు గదా.
వాడికి టీ ఎవరు పంపుతారు?

"కట్టడమేటి బాబూ," అంది కోర్లమ్మ,
ఎండిన నెత్తళ్లు గోతంలోకి ఎత్తుతూ,
"ఏదో ఆరేసుంటారు. గాలికెగిరి అడ్డొస్తంది."

నవ్వాం. ఆ వారమే నఫీజా
ఎర్ర గాజులోంచి ఒకసారి, నీలి గాజులోంచి ఒకసారి
తీసిన ఫొటోలు కొలిచింది.
నీలంలో తరుగు ఎక్కువ. ఎరుపులో తక్కువ.

గోడయితే రెండు రంగుల్నీ ఒక్కలాగే ఆపుతుంది.
అలా ఏరుకుని తినేది
మా వీధికి తెలిసినంతలో ఒకటే.
ఆరేసిన తెల్ల చొక్కా మీద,
అన్నం గిన్నెకి మూత పెట్టేలోగా అన్నం మీద,
కొత్త కేలండరు మీద, నోట్లో, వాలేది.
ఖనిజం గుట్టల వెనక
నిమ్మపండులాంటి సూర్యుణ్ణి
దానిమ్మపండు చేసి దింపేది.
దుమ్ము.

సరే, దుమ్మే. ఎవరి దుమ్ము?
ఆ చుక్క వెలుతురే దాన్ని ఊది పారేయాలి,
నెలల్లో ఖాళీ అయిపోవాలి అక్కడంతా.
ఇంకా ఉందంటే
ఎక్కడో ఏదో ఇంకా నలుగుతోంది.

ఈ రాత్రి అద్దాన్ని తడి దూదితో తుడిచాను.
దూది నల్లగా వచ్చింది. బొగ్గు. మనదే.
నఫీజా దూది వైపు చూసింది, నా వైపు చూసింది,
ఏమీ అనలేదు.

రిజిస్టరు తెరిచాను.
తేదీ. వేళ. తరుగు, నూటికి నాలుగు.
కారణం గడి మీద
యారాడ కొండ లైట్‌హౌసు వెలుగు
ఒకసారి తిరిగింది, ఇంకోసారి తిరిగింది.
పెన్ను మూత పెట్టేశాను.

కోర్లమ్మ తన గోతాం కాటా మీద పెట్టమంది.
నిన్నటికంటే కిలోంబావు తక్కువ.
"తడి పోయింది," అంది,
ముల్లు వైపు చూడకుండానే.